రాగిరేకుపై తెరచాప ఓడ

శ్రీనగర్ కాలనీ, ఫిల్మ్ నగర్ ప్రాంతముల బాలబాలికలకు చిత్రమనగానే వెండితెరపై కదలాడు బొమ్మయే స్ఫురించును. రాగిరేకునుండి కాగితముపైకి దిగు చిత్రము వేరొకటి కలదు. దానిని ఎచ్చింగు అందురు. ఒక ఓడబొమ్మను ఆధారముగా గొని దాని విధము తెలిసికొందము.

ఆంట్వెర్ప్ నగరమున 1760లో జన్మించిన బాల్తజార్ సోల్విన్స్ 1791లో కలకత్తా చేరి, ఈ దేశపు జనులను, వృత్తులను, నావలను పరిశీలించి, రేకులను స్వహస్తముతో గీచి, 250 రంగుల ఎచ్చింగులను ప్రకటించెను. ఆయన చిత్రించిన నావలలో కోరమాండల్ తీరపు ధోనియు నొకటి. అట్టి ధోనులు మన గోదావరి ముఖముననున్న కోరంగిలో నిర్మింపబడుచుండెను.

ఇట్టి చిత్రమును చేయు విధ మిది. నునుపుచేసిన రాగిరేకును వేడిచేసి, తేనెమైనము, గుగ్గిలము మున్నగువాని మిశ్రమమును పలుచగా పూయుదురు. దానిని దీపపుపొగచే నల్లబరచి, సూదితో బొమ్మను గీయుదురు. సూది మైనమును మాత్రమే తొలగించును. రాగిని తొలుచునది ఆమ్లము. కంసాలి ఉలికిని ఈ సూదికిని గల భేద మిదియే. రేకు వెనుకవైపున వార్నీషు పూసి, నీరు కలిపిన నత్రికామ్లమున ముంచగా, గీతలున్నచోట రాగి కరగి గాళ్లు పడును.

ఇచ్చట నొక విశేషము గమనింపుడు. గీత నల్లదనము ముఖ్యముగా ఆమ్లములో గడపిన కాలమునుబట్టి కలుగును. దూరపు అలలు, సన్నని మోకులు కొలది నిమిషములకే చాలును. అంతట రేకును పైకి తీసి, ఆ గీతలను వార్నీషుతో కప్పి, మరల ముంచుదురు. ఓడ అడుగుభాగపు నీడలు కడవరకు నుండి లోతుగా తినబడును.

పిదప మైనమును కడిగి, సిరాను గాళ్లలో నింపి, పైభాగమును గుడ్డతో తుడిచి, తడికాగితము నుంచి రోలరు యంత్రమున నొత్తుదురు. బొమ్మ తలక్రిందులు గాదు, కుడియెడమలు మారును: రేకుపై ఎడమకు సాగు ఓడ కాగితముపై కుడికి సాగును. ఆమ్లము ప్రమాదకరము, పిల్లలు దానిని తాకరాదు.

మెదకు ప్రాంతపు నిజాంపురమున 1940లో జన్మించి, హైదరాబాదు, బరోడాలయందు చదివిన కె. లక్ష్మాగౌడ్ ఈ విద్యతోనే మన పల్లెజనులను చిత్రించి కీర్తి గాంచెను.

సోల్విన్స్ గ్రంథములు ఆయనకు ధనము తేలేదు. కోరంగి రేవును 1839 నాటి తుపాను ధ్వంసము చేసెను. అయినను, ఓర్పుతో రాగిపై నిలిపిన గీతలవలన ఆనాటి ధోని రూపము మనకు దక్కినది.