బాయిల దిగేముందు, ఇన్‌బాక్స్ తెరిచేముందు

మంచిర్యాల పిల్లలకు ‘ట్రైనింగ్’ అనగానే సాఫ్ట్‌వేర్ కంపెనీ కంటే ముందు ఎంవీటీసీ గుర్తొస్తుంది. మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్ అన్నమాట. సింగరేణిలో కొత్తగా చేరినవాళ్లు అక్కడ శిక్షణ పొందాకే బాయిల దిగుతారు. ఐదేళ్లు దాటకుండా మళ్లీ రిఫ్రెషర్‌కు పోవాలి. 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ దీన్ని తప్పనిసరి చేశాయి. మా నాన్న శ్రీరాంపూర్ ఏరియాలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు కాబట్టి ఈ మాటలు మా ఇంట్లో అన్నం దగ్గర కూడా వినబడతాయి.

ఇప్పుడు మన సీనియర్ల సంగతి చూడండి. ప్లేస్‌మెంట్ వచ్చి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వాళ్లకూ ఒక తప్పనిసరి ట్రైనింగ్ ఉంటుంది: సైబర్ సెక్యూరిటీ అవేర్‌నెస్. ఎలా ఉందని అడిగితే చాలామంది ఒకే మాట చెప్తారు: “నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంట పోవుడే. చివర్ల క్విజ్, సర్టిఫికెట్.” రేపు మనం కూడా ఆ నెక్స్ట్ బటన్ ముందు కూర్చునేవాళ్లమే. అందుకే ఆ ట్రైనింగ్ ఎందుకు పుట్టింది, ఎటు పోతోంది, అందులో ఏం పని చేస్తుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

రెండు క్లిక్కులు, పన్నెండు కోట్లు

మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోని మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంక్. 2022 జనవరిలో ఆ బ్యాంకు సర్వర్లలోకి చొరబడిన హ్యాకర్లు రూ.12.48 కోట్లు వేరే ఖాతాల్లోకి మళ్లించుకున్నారు. తర్వాత హైదరాబాద్ పోలీసులు చెప్పిన వివరాలు మనలాంటి విద్యార్థులు చదివి తీరాలి. కథ జనవరిలో మొదలవలేదు. 2021 నవంబర్‌లో బ్యాంకు ఉద్యోగులకు సుమారు 200 ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. అంటే నమ్మదగిన వాళ్ల దగ్గర్నుంచి వచ్చినట్టు కనిపించే దొంగ మెయిళ్లు. వాటిని తెరిచింది ఇద్దరే ఇద్దరు. ఆ రెండు కంప్యూటర్లలో రిమోట్ యాక్సెస్ ట్రోజన్ కూర్చుంది. దూరంగా ఉన్నవాడు మన కంప్యూటర్‌ను తన ముందున్నట్టే వాడుకోవడానికి దారి తీసే ప్రోగ్రామ్ అది.

బ్యాంకు నెట్‌వర్క్‌లో తగిన రక్షణ వ్యవస్థలు లేవని పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వ్ బ్యాంక్ కూడా సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది. కాబట్టి తప్పంతా ఆ ఇద్దరు ఉద్యోగుల మీద నెట్టడం న్యాయం కాదు. నన్ను ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి. మెయిళ్లకూ దొంగతనానికీ మధ్య రెండు నెలలకు పైగా సమయం ఉంది. “ఈ మెయిల్ ఏదో తేడాగా ఉంది” అని ఎవరో ఒకరు ఐటీ వాళ్లకు చెప్పి, ఆ రెండు కంప్యూటర్లను అప్పుడే నెట్‌వర్క్ నుంచి విడదీసి ఉంటే, జనవరిలో కథ వేరేగా ఉండేది.

బ్యాంకులే కాదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని దులియాజాన్‌లో ఆయిల్ ఇండియా సంస్థ కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అడిగిన సొమ్ము 75 లక్షల డాలర్లు. అదీ సింగరేణిలాగే భూమి లోపలి నుంచి ఇంధనం తీసే ప్రభుత్వ రంగ సంస్థే. మన జిల్లాలో జైపూర్ దగ్గర సింగరేణికి 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కూడా ఉంది. బొగ్గు, కరెంటు, జీతాలు, టెండర్లు అన్నీ కంప్యూటర్ మీద నడిచే కాలంలో ఇది పట్నం వాళ్ల సమస్య అనుకోవడానికి లేదు.

పరీక్ష పెట్టడం నేర్పడం అవుతుందా?

మొదట్లో ఈ శిక్షణ అంటే ఏడాదికోసారి స్లైడ్లు చూపించడం. తర్వాత కంపెనీలు ఇంకో పద్ధతి పట్టుకున్నాయి. తామే ఉద్యోగులకు ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్ పంపుతాయి. క్లిక్ చేసినవాళ్లకు “మీరు మోసపోయారు, ఈ పాఠం చదవండి” అని ఒక పేజీ తెరుచుకుంటుంది. వినడానికి బాగానే ఉంది. ఫలితం మాత్రం అనుకున్నంత లేదు.

స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఒక పెద్ద సంస్థలో 14,000 మందికి పైగా ఉద్యోగుల మీద 15 నెలలపాటు దీన్ని పరిశీలించి 2021లో ఫలితాలు బయటపెట్టారు. క్లిక్ చేయగానే పాఠం చూపించే పద్ధతి వల్ల ఉద్యోగులు మరింత జాగ్రత్తపరులు కాలేదు సరికదా, కొంత తేలిగ్గా మోసపోయే వైపు జరిగారు. 2025లో అమెరికాలోని శాన్ డియాగో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు తమ ఆసుపత్రుల ఉద్యోగులు 19,500 మందికి పైగా తీసుకుని ఎనిమిది నెలలు చూశారు. శిక్షణ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ మధ్య తేడా 1.7 శాతమే.

ఉత్తుత్తి మెయిళ్లతో ఇంకో చిక్కు నమ్మకం పోవడం. 2020 డిసెంబర్‌లో గోడాడీ కంపెనీ తన ఉద్యోగులకు 650 డాలర్ల పండుగ బోనస్ అని మెయిల్ పంపింది. ఆశగా క్లిక్ చేసినవాళ్లకు బోనస్ లేదు, ట్రైనింగ్ ఉందని తెలిసింది. కరోనా కష్టకాలంలో అలా చేసినందుకు కంపెనీ చివరికి క్షమాపణ చెప్పుకుంది. దసరా ముందు లాభాల వాటా కోసం ఎదురుచూసే మన కాలనీల్లో ఎవరైనా అట్లాంటి పరీక్ష పెడితే ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత నిజమైన సర్క్యులర్ వచ్చినా అనుమానంగానే చూస్తారు. నిజంగా మోసపోయినవాళ్లు నోరు విప్పరు.

అదే జ్యూరిక్ పరిశోధనలో మంచి వార్త కూడా ఉంది. మెయిల్ పక్కన ‘అనుమానంగా ఉంది’ అని తెలిపే బటన్ ఒకటి పెట్టారు. ఉద్యోగులు దాన్ని నెలల తరబడి విసుగు లేకుండా వాడారు. కొత్త దాడి మొదలైన కాసేపటికే సమాచారం వచ్చేది. వేలమందిలో ఎవరో ఒకరు క్లిక్ చేస్తారు, దాన్ని ఆపలేం. కానీ అదే వేలమందిలో ఎవరో ఒకరు ముందుగా పసిగడతారు. అందుకే ఇప్పుడు “ఎంతమంది క్లిక్ చేశారు” అని కాక “ఎంతమంది, ఎంత తొందరగా చెప్పారు” అని కొలవడం పెరుగుతోంది.

గని ముందే నేర్చుకున్న పాఠం

అండర్‌గ్రౌండ్‌లో పని మొదలుపెట్టేముందు పైకప్పును రాడ్‌తో తట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే డొల్ల సప్పుడు వస్తుంది. దాని గురించి నాన్న చెప్పే మాట: “సప్పుడు తేడా అస్తే ఎన్క జరగాలె, జరిగి చెప్పాలె. నువ్వు చెప్పకుంటే నీ ఎన్క వచ్చెటోని మీద పడ్తది.”

ఈ మాటలో నాకు మూడు విషయాలు కనిపించాయి. ఒకటి, తట్టి చూడడం ఏడాదికోసారి చేసే పని కాదు, పనిలోనే భాగం. రెండు, చెప్పడం పక్కవాడి ప్రాణం కోసం. మూడు, చెప్పినవాడి మాట వినే సర్దార్, ఓవర్‌మెన్ అక్కడే ఉంటారు. కార్మికులు కూర్చునే పిట్ సేఫ్టీ కమిటీ ఉంటుంది. చెప్పినవాడిని “నీకే ఎందుకు అనుమానం” అని వెక్కిరిస్తే, రేపటి నుంచి ఎవరూ చెప్పరు.

ఇంకోటి గమనించండి. ట్రైనింగ్ ఇచ్చాం కదా అని గనిలో రూఫ్ బోల్టులు కొట్టడం మానరు. కార్మికుడు ఎంత హుషారుగా ఉన్నా కప్పుకు ఆధారం కావాల్సిందే. ఆఫీసులో ఆ ఆధారాలు రెండంచెల లాగిన్, సకాలంలో అప్‌డేట్లు, ఎవరి పనికి కావలసినంత అనుమతే వాళ్లకు ఇవ్వడం. ఇవి లేకుండా ఉద్యోగులకు స్లైడ్లు చూపించడమంటే బోల్టు కొట్టని కప్పు కింద నిలబెట్టి జాగ్రత్త అని చెప్పడమే.

గనిలో సపోర్ట్‌మెన్‌కు ఒక శిక్షణ, షాట్‌ఫైరర్‌కు ఇంకో శిక్షణ. సైబర్ శిక్షణ కూడా మెల్లగా ఇటే వస్తోంది. బిల్లులు చెల్లించేవాళ్లకు దొంగ ఇన్‌వాయిస్ గురించి, నియామకాలు చూసేవాళ్లకు రెజ్యూమే పేరుతో వచ్చే ఫైళ్ల గురించి వేర్వేరుగా నేర్పుతున్నారు. డీప్‌ఫేక్ వచ్చాక ఇది మరీ అవసరమైంది. 2024 మొదట్లో హాంగ్‌కాంగ్‌లో అరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి వీడియో కాల్‌లో తన పైఅధికారులను చూశాననుకుని దాదాపు 2.5 కోట్ల డాలర్లు పంపేశాడు. కాల్‌లో కనిపించిన సహోద్యోగులంతా నకిలీ బొమ్మలే. స్పెల్లింగ్ తప్పులు వెతకమనే పాత పాఠం ఇక్కడ పనికిరాదు. డబ్బు అడిగితే కాల్ పెట్టేసి, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కు మనమే ఫోన్ చేసి అడగాలి. ఎంత పెద్ద సారు అడిగినా సరే.

మనం ఏం చేయాలి?

ఉద్యోగంలో చేరిన రోజు మూడు ప్రశ్నలు అడగండి. అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి? క్లిక్ చేసేశాక చెప్తే ఏమవుతుంది? రాత్రి షిఫ్టులో ఫోన్ ఎత్తేదెవరు? రెండో ప్రశ్నకు “చర్య తీసుకుంటాం” అనే జవాబొస్తే, ఆ ఆఫీసులో జనం దాచిపెడతారని అర్థం. 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు సంస్థ రిపోర్ట్ చేయాలి. ఉద్యోగి భయపడి రెండు రోజులు దాస్తే, కంపెనీకి తెలిసేసరికే నష్టం జరిగిపోతుంది.

అంతకంటే ముందు ఇంట్లో మొదలుపెట్టండి. “లాభాల వాటా వివరాలు” అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే తెరవొద్దని అమ్మానాన్నలకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని, ఆ నంబర్‌ను వాళ్ల ఫోన్‌లో మీరే సేవ్ చేయండి. ఒకవేళ తెరిచేశామని వాళ్లు వచ్చి చెప్తే మాత్రం కోప్పడకండి. మనం కోప్పడితే ఇంకోసారి చెప్పరు.