పండగ పని పిల్లల చేతికే

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

బాలబడిలో చేరావనీ, శ్రావణం మొదలు సంక్రాంతి దాకా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చేత ఏమేం చేయించవచ్చో చెప్పమనీ రాశావు. మన పండగల్లో చిన్నపిల్లలకు పని కొత్తగా వెతకనక్కర్లేదు. పత్రి ఏరడం, పూలు వరసగా పేర్చడం, భోగిపిడకలు దండ గుచ్చడం, కొలువులో బొమ్మలు సర్దడం అన్నీ వాళ్లవే. ఈమధ్య ఆ పనులు పెద్దవాళ్ల చేతుల్లోకీ, అక్కణ్నించి బజారుకీ వెళ్లిపోయాయి. పిల్లలకు ఫొటోకు నిలబడటం ఒక్కటే మిగిలింది. వాళ్ల పని వాళ్లకు తిరిగి అప్పజెప్పడమే టీచరు చేయవలసింది.

ముందుగా కృష్ణాష్టమి వేషాలు. అద్దెకు తెచ్చిన జరీ దుస్తులు ఒంటికి గుచ్చుకుంటాయి, కిరీటం రబ్బరు తాడు చెవుల వెనక ఒరుసుకుంటుంది. పావుగంటకే పిల్లవాడు ఏడుపు అందుకుంటాడు. మెత్తబడిన పాత నూలు కండువాను పంచెగా కట్టి, నడుముకు రంగు గుడ్డ చుడితే వాడు రోజంతా ఆడుకుంటాడు. అట్టముక్కను తలచుట్టు కొలతకు కత్తిరించి ఇస్తే కిరీటం మీద ఏం అంటించాలో పిల్లలే చూసుకుంటారు. పిన్నీసులు వద్దు, ముడులు చాలు. కొన్ని బజారు కాటుకల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది కనుక కళ్లకు ఏమీ పెట్టకపోవడమే క్షేమం. రాధ వేషం వేస్తానని మగపిల్లాడు అడిగినా, కృష్ణుడు కావాలని ఆడపిల్ల అడిగినా సరేననాలి.

ముసుగుల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. రీటా డివ్రీస్ అనే అమెరికన్ పరిశోధకురాలు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు మేనార్డ్ అనే సాధు పిల్లిని చూపించి, దాని వెనక భాగం వాళ్లకు కనిపిస్తూ ఉండగానే మొహానికి కుక్క ముసుగు తొడిగారు. ఆ పరిశోధన 1969లో అచ్చయింది. మూడేళ్లవాళ్లలో చాలామంది పిల్లి నిజంగానే కుక్కగా మారిపోయిందనుకున్నారు. ఆరేళ్లవాళ్లు అది పిల్లేనని గట్టిగా చెప్పారు. దసరాలో పులివేషం వీధిలోకి రాగానే బుజ్జిపిల్లలు అమ్మ కొంగు చాటుకు పరుగెత్తడం ఇందుకే. వాళ్లది పిరికితనం కాదు, ఆ వయసుకు ఉండే అవగాహన అంత. అందుచేత వేషం ఏదైనా పిల్లల కళ్లెదుటే వేయాలి, వాళ్ల కళ్లెదుటే తీయాలి. మొహం మొత్తం కప్పే ముసుగుకు బదులు నుదుటి మీద నిలిచే అట్టబొమ్మ మేలు. గదిలో పిల్లల ఎత్తుకు ఒక అద్దం ఉంటే భయం సగం తగ్గుతుంది.

వేషానికి డబ్బు పోయనక్కర్లేదనడానికి తిరుపతి గంగమ్మ జాతర సాక్ష్యం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ అక్కడ భక్తులు రోజుకో వేషం కడతారు. నామంకొమ్ము, కుంకుమ, బొగ్గుపొడి, గంధం, వేపమండలు, ఇంట్లో ఉన్న చీరలే సరంజామా. చిన్నపిల్లలు కూడా పెద్దల పక్కన వేషాలతో నడుస్తారు.

ఇక వినాయక చవితి. ఏడాది మొత్తంలో పిల్లల చేతులకు ఇంతకు మించిన పండగ లేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. బడిలో ఆ ప్రశ్నే రాకూడదు. బంకమట్టిని ముందురోజే నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరేసి, చపాతీ పిండిలా చేతికి అంటుకోకుండా మర్దించి ఉంచాలి. ఇది టీచరు పని. తరవాతిదంతా పిల్లలదే.

మూడేళ్ల పిల్లలు మట్టితో మూడు పనులు చేయగలరు: ఉండ చుట్టడం, పాములా సాగదీయడం, అరచేత్తో అదమడం. వినాయకుడికి ఈ మూడూ సరిపోతాయి. పెద్ద ఉండ బొజ్జ, చిన్న ఉండ తల, సన్నగా సాగదీసింది తొండం, పొట్టివి కాళ్లూ చేతులూ, అదిమినవి చెవులు. అతుకు ఊడిపోకుండా ఉండాలంటే అతికే రెండు చోట్లా పుల్లతో గీతలు పెట్టి, పలచని మట్టినీళ్లు పూసి నొక్కాలి. ఎండలో పెడితే పైభాగం ముందే ఆరి బీటలు వారుతుంది, నీడలో ఆరనివ్వాలి. బొమ్మ చిన్నదైతే పగుళ్లు తక్కువ.

కళ్లకు గురివింద గింజలు పెట్టడం పల్లెల్లో పాత అలవాటు. ఎర్రగా నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. కొరికి నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పుల్లతో రెండు చుక్కలు పొడిపిస్తే కళ్లు వచ్చేస్తాయి. ఇరవై ఒక్క పత్రి విషయమూ ఇంతే. అందులో ఉమ్మెత్త, గన్నేరు విషపు మొక్కలు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం. ఈ మూడింటినీ దూరం నుంచి చూపించి పేరు చెప్పాలి. గరిక, మారేడు, మామిడి, తులసి, దానిమ్మ, రావి ఆకుల్ని పిల్లల చేతికివ్వాలి. మారేడుకు మూడు రెక్కలు, రావి ఆకుకు పొడుగాటి కొస, తులసికి వాసన. ఆకుల్ని కుప్పపోసి వేటికవి విడదీయమంటే ఒక పూట తెలియకుండా గడిచిపోతుంది.

బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి, చామంతి. గునుగు కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం పిల్లలకు మహా ఇష్టం. పళ్లెంలో గుమ్మడాకు పరిచి, అడుగున పెద్ద వలయం, దానిపైన అంతకంటే చిన్నది, ఆపైన ఇంకా చిన్నది వచ్చేలా పేర్చాలి. పెద్దది, చిన్నది, కింద, పైన అన్న మాటలు పలక మీద కాక పూలతో వస్తాయి. పెద్దల బతుకమ్మ ఎత్తుకు పోటీ పడకుండా ఒక్కొక్కరికి ఒక చిన్న పళ్లెం ఇవ్వాలి.

దసరాకు మన వీధిబడుల్లో చక్కని ఆనవాయితీ ఉండేది. అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు. గురువుకు సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. ఇప్పుడూ అట్టతో విల్లు చేయించి, మొన లేని కాగితపు బాణం పెట్టించి, పక్క వీధి దాకా ఊరేగించవచ్చు. అంటించడానికి మైదా ఉడికించిన బంక చాలు. పురుగు పట్టకుండా పూర్వం దాంట్లో మైలుతుత్తం కలిపేవారు, అది విషం. పిల్లల బంకలో కలపకూడదు. ఏ రోజు బంక ఆ రోజే కాచుకుంటే సరి.

సంక్రాంతి కొలువుకు మెట్లు పెద్దలు కడితే, బొమ్మల కథ పిల్లలు కడతారు. కొండపల్లి బొమ్మ ఒకటి తెచ్చి చేతికివ్వాలి. తేలికైన తెల్ల పొణికి కర్రతో విడివిడి భాగాలు చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు. మట్టి వినాయకుడికి తొండం అతికించిన పిల్లలకు ఆ పనివాళ్ల నేర్పు ఇట్టే అర్థమవుతుంది. వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క రంగులు పట్టిస్తారు. అక్కడి బొంగరాన్ని ఒకదాన్ని ముట్టుకుంటే నునుపు తెలుస్తుంది. వీటి పక్కన పెట్టడానికి పిల్లలు కాగితపు గుజ్జు బుట్టలు చేయవచ్చు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, బోర్లించిన గిన్నె మీద అద్ది ఆరనివ్వాలి. మన అమ్మమ్మలు చేసిన పనే ఇది.

భోగిపళ్ల దగ్గర ఒక్క మాట. రేగిపళ్లు, శనగలు, నాణేలు మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడే వస్తువులు. తల మీద బంతి రేకలు పోసి, పళ్లు పళ్లెంలో పెట్టి దిష్టి తిప్పితే వేడుకకు లోటేమీ రాదు. భోగిమంట దగ్గరికి నూలు బట్టలతోనే తీసుకువెళ్లాలి. సింథటిక్ గుడ్డ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచు, పిల్లలు తెచ్చే బొమ్మ అందంగా ఉండకపోవచ్చని. తొండం వంకరగా ఉంటే నువ్వు సరిచేయకు, అలాగే ఇంటికి పంపు. వాళ్ల పూజలో ఆ బొమ్మనే పెట్టమని అడుగు. చవితి ముందురోజు మట్టి నానబెట్టడం మరిచిపోకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ