నీటిగుహలోకి ఈసారి వద్దు

ప్రశ్న: నాలుగేళ్ల కిందట అండమాన్‌లో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. మళ్లీ డైవ్ చేయలేదు. మా క్రూయిజ్ ఓడ మెక్సికోలోని కొజుమెల్‌లో ఎనిమిది గంటలు ఆగుతుంది. ఆలోగా నీటిగుహలో స్కూబా చేసి రావచ్చా?
– ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: ఈసారికి వద్దమ్మా. సముద్రంలో తేడా వస్తే మెల్లగా పైకి రావచ్చు. గుహలో తలపైన ఉండేది రాయి. వెళ్లిన దారినే వెనక్కి ఈదాలి. కాలి ఫిన్ అడుగున తగిలిందా, మెత్తటి మడ్డి లేచి చేతిలోని గేజీ కూడా కనపడదు. నాలుగేళ్ల విరామం తర్వాత ఇది చేయకూడని పని.

టైమూ చాలదు. దోస్ ఓహోస్ లాంటి పేరున్న గుహలు కొజుమెల్ ద్వీపంలో లేవు; సముద్రం అవతల ప్రధాన భూభాగంలో, తులుమ్ దగ్గర ఉన్నాయి. ఫెర్రీకే ముప్పావుగంట, ఆపైన రోడ్డు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు.

ముందు డాలస్‌లోనే రిఫ్రెషర్ చేయండి. ఒకే లోతులో కదలకుండా తేలడం చేతకావాలి. ఆ రోజుకు కొజుమెల్‌లో గైడుతో తేలికైన రీఫ్ డైవ్ చాలు. గుహకు మరోసారి తీరిగ్గా వెళ్లండి. అప్పుడైనా పగటి వెలుతురు కనిపించే మేరకే, దారితాడు వెంటే. మూడోవంతు గాలి అయిపోగానే వెనుదిరగాలి.

ఆస్తమా, చెవి సమస్య ఉంటే డైవింగ్ తెలిసిన డాక్టరును ముందే కలవండి. డైవ్ తర్వాత కీళ్లనొప్పి, తిమ్మిర్లు, తలతిరుగుడు వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఓడలోని డాక్టరు దగ్గరికి వెళ్లండి.