పుట్టుక – పెంపకం

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అన్నారు మన పెద్దలు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నవారు కూడా వారే. మొదటి సామెత మనిషి స్వభావానికి పుట్టుకే మూలమంటుంది. రెండవది పెంపకానికి ప్రాధాన్యమిస్తుంది. కోపం, దూకుడు, హింసాప్రవృత్తి మనిషికి వంశపారంపర్యంగా సంక్రమిస్తాయా? లేక పెరిగిన పరిసరాల వల్ల అలవడతాయా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో విజ్ఞానశాస్త్రం తొలుత కొంత తొందరపడింది. తరువాత తన పొరపాటును తానే దిద్దుకొన్నది.

మానవ కణంలో సాధారణంగా నలభై ఆరు క్రోమోజోములు ఉంటాయి. పురుషులలో వాటిలో ఒకటి ఎక్స్ క్రోమోజోము, మరొకటి వై క్రోమోజోము. సుమారు వెయ్యిమంది పురుషులలో ఒకరికి వై క్రోమోజోము ఒకటి అదనంగా ఉంటుంది. 1965లో పెట్రీషియా జేకబ్స్ బృందం స్కాట్లండులోని కార్‌స్టెయిర్స్ ఆసుపత్రిలో పరిశోధన జరిపింది. హింసాప్రవృత్తి గల మానసిక రోగులను గట్టి కాపలా మధ్య ఉంచే ఆసుపత్రి అది. అక్కడ పరీక్షించిన 197 మంది పురుషులలో ఏడుగురికి ఈ అదనపు క్రోమోజోము కనిపించింది. దానితో 'నేరస్థుల క్రోమోజోము' దొరికిందన్న ప్రచారం మొదలైంది. 1966లో చికాగో నగరంలో ఎనిమిది మంది యువతులను హత్య చేసిన రిచర్డ్ స్పెక్‌కు కూడా ఆ క్రోమోజోము ఉన్నదని పత్రికలు వ్రాశాయి. పరీక్షించి చూస్తే అతని క్రోమోజోములు అందరి వంటివే!

పొరపాటు ఎక్కడ జరిగింది? బందీలుగా ఉన్నవారిని లెక్కించారు గాని, అదే క్రోమోజోముతో బయట ప్రశాంతంగా జీవిస్తున్నవారిని లెక్కించలేదు. 1976లో ప్రకటితమైన డెన్మార్క్ పరిశోధన ఈ లోపాన్ని సవరించింది. అందులో నాలుగు వేలకు పైగా పొడగరులైన పురుషులను పరీక్షించగా, పన్నెండుగురికి అదనపు వై క్రోమోజోము ఉన్నట్లు తేలింది. వారిలో కొందరు చిన్న చిన్న నేరాలకు శిక్ష పొందారు. కాని వారు ఇతరుల కంటె ఎక్కువ హింసాపరులనడానికి ఆధారం లభించలేదు.

అయితే జన్యువులకు స్వభావంతో సంబంధమే లేదా? ఉన్నది. నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో కొందరు పురుషులు స్వల్ప కారణాలకే రెచ్చిపోయి హద్దు మీరి ప్రవర్తించేవారు. వారి బుద్ధి వికాసం కూడా కొంత మందగించింది. వారిలో 'మోనోఅమైన్ ఆక్సిడేజ్–ఎ' అనే ఎంజైము పనిచేయడం లేదని 1993లో హాన్ బ్రన్నర్ బృందం వెల్లడించింది. మెదడులో నాడీకణాల నడుమ సందేశాలను చేరవేసే సెరటోనిన్ వంటి రసాయనాలను పని ముగిసిన తరువాత విచ్ఛిన్నం చేయడం ఈ ఎంజైము విధి. దీనికి మూలమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. పురుషునికి ఉన్నది ఒకే ఎక్స్ కనుక అందులో లోపం ఏర్పడితే దానిని పూరించడానికి మరొకటి లేదు. అయితే ఎంజైము పూర్తిగా పనిచేయకపోవడం అత్యంత అరుదు. ఎంజైమును కొంత తక్కువగా ఉత్పత్తి చేసే జన్యురూపం మాత్రం ఎందరో సామాన్యులలో ఉన్నది.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73 సంవత్సరాలలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల జీవితాలను శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలిస్తూ వచ్చారు. వారిలోని మగపిల్లల వివరాలను కాస్పి, మొఫిట్ మొదలైనవారు 2002లో ప్రకటించారు. బాల్యంలో దెబ్బలు, నిరాదరణ అనుభవించి, పై జన్యురూపం కూడా కలిగినవారు అందరిలో 12 శాతమే. కాని హింసాత్మక నేరాలకు పడిన శిక్షలలో 44 శాతం వారివే. అదే జన్యురూపం ఉండి కూడా ఆదరణతో పెరిగినవారిలో అటువంటి పెడధోరణి కనిపించలేదు. తరువాతి పరిశోధనలన్నీ దీనిని ఒకే తీరుగా సమర్థించలేదు. దూకుడు ఏదో ఒక్క జన్యువు వల్ల కలిగేది కాదనీ, అనేక జన్యువుల స్వల్ప ప్రభావాలు అందులో కలిసి ఉంటాయనీ నేడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

కవలలపై జరిగిన పరిశోధనలను బట్టి, దూకుడులో మనుషుల మధ్య కనిపించే భేదాలలో సుమారు సగం జన్యుసంబంధమైనవని తెలుస్తున్నది. ఒక వ్యక్తి కోపంలో సగం రక్తానిదీ, సగం ఇంటిదీ అని దీనికి అర్థం కాదు. ఒక వరికంకిలో విత్తనం పాలు ఎంత, నీటి పాలు ఎంత అని ఎవరు విడదీయగలరు?

కనుక 'వాడి పుట్టుకే అంత' అని ఏ బాలునికీ ముద్ర వేయరాదు. జన్యువు నుదుటి వ్రాత కాదు. పుట్టుకను మనం మార్చలేము, బాల్యాన్ని మార్చగలము. మొక్కగా ఉన్నప్పుడే వంచాలన్న మాట నిజమే. కాని వంచడమంటే కొట్టడమని భావించేవారు డునెడిన్ పిల్లలను తలచుకోవాలి. దెబ్బ తిన్న మొక్క వంగదు, విరుగుతుంది. ఆదరణ పొందిన మొక్కే నలుగురికి నీడనిచ్చే మానవుతుంది.

ప్రశ్నలు
1. అదనపు వై క్రోమోజోము విషయంలో జరిగిన పొరపాటు ఏమిటి? అది ఎలా సవరించబడింది?
2. డునెడిన్ పరిశోధన వలన పెంపకం గురించి ఏమి తెలుస్తున్నది?
3. 'జన్యువు నుదుటి వ్రాత కాదు' – వివరించండి.