నోరు పడిపోయినవారికి నాదసాధనము

సాయంకాలమున అమీర్‌పేట కూడలియందు ఒక గడియ నిలిచి చూడుడు. పైవంతెనమీద మెట్రో రైలు చప్పుడు, క్రింద ఆటోల మ్రోతలు, శిక్షణాలయముల ముందు కరపత్రములు పంచువారి కేకలు, పండ్లబండివాని ఉర్దూ, వానితో బేరమాడు ఇల్లాలి తెలుగు, ఇవన్నియు ఒక్కసారిగా మన చెవిని బడుచుండును. అయినను వెనుకనుండి స్నేహితుడు పేరుపెట్టి పిలిచినచో, అంత సందడిలో ఆ యొక్క పిలుపును మాత్రమే ఏఱికొని మనము వెనుదిరుగుదుము. ఈ యేఱికను జేయునది చెవి కాదు, మెదడు. అట్టి మెదడు రక్తస్రావముచే గాయపడినప్పుడు, ధ్వనియే దానికి మరల బాట చూపగలదా యను విషయమును ఈ వ్యాసమునందు విచారింతము.

మెదడు మన శరీరపు బరువులో నూటికి 2 వంతులు మాత్రమే. కాని శరీరము వినియోగించు ప్రాణవాయువులో నూటికి సుమారు 20 వంతులు దానికే కావలయును. కావున కొన్ని నిమిషములు రక్తము అందకున్నను అందలి కణములు నశింపసాగును. ఈ యాపద రెండు విధములు. రక్తపుగడ్డ అడ్డుపడి నాళము మూసికొనిపోవుట మొదటిది. నాళము చిట్లి రక్తము మెదడులోనికి స్రవించుట రెండవది. రెండవదానికి ముఖ్యకారణము ఏండ్లతరబడి అదుపులో నుంచుకొనని రక్తపుపోటు. పుఱ్ఱె మూసిన పెట్టెవంటిది. లోపల జేరిన రక్తమునకు వెలుపలికి దారి లేనందున అది చుట్టునున్న మెదడును నొక్కివేయును.

పైకి ఈ రెండును పక్షవాతముగనే కనబడును. మూతి వంకరపోవును, చేయి వ్రాలిపోవును, మాట తడబడును. చికిత్సలు మాత్రము వేఱు. గడ్డను కరగించు మందు మొదటిదానికి మేలుచేయును, రెండవదానికి గొప్ప హాని చేయును. ఏది యేదో శీఘ్రముగా తేల్చునది సి.టి. చిత్రము. దీనిని మొట్టమొదట 1971లో లండను నగరమునందు ఒక రోగికి తీసిరి. కనుక ఈ లక్షణములు కనబడినవెంటనే, గృహవైద్యములతో కాలము గడుపక, 108కి కబురుచేసి రోగిని పెద్ద ఆసుపత్రికి చేర్చుట ప్రథమకర్తవ్యము. నాదసాధనము ప్రాణము దక్కిన పిమ్మటి మాట.

ప్రాణము దక్కినను కష్టము తీరదు. మెదడు యొక్క ఎడమభాగము దెబ్బతిన్నవారిలో అనేకులకు నోరు పడిపోవును. వైద్యులు దీనిని అఫేసియా అందురు. 1861లో పాల్ బ్రోకా అను ఫ్రెంచి వైద్యుడు, "టాన్" అను శబ్దము దప్ప దాదాపు మఱేమియు పలుకజాలని యొక రోగి మెదడును మరణానంతరము పరీక్షించి, ఎడమ మెదడు ముందుభాగమునందు గాయమును కనుగొనెను. ఆ రోగి యితరులు చెప్పినదానిని చాలవఱకు గ్రహించుచుండెడివాడు. అతనికి కొఱవడినది పలుకు.

ఇచ్చటనే గృహస్థులు పొరపడుచుందురు. ఒక యింటి పెద్దకు నోరు పడిపోయినదనుకొందము. దాహమైనప్పుడు మంచినీళ్ళని అడుగలేడు, మనుమని పేరు పలుకలేడు. ఒకనాడు ఇంట నెవరో పాత పాట నెత్తుకొనగా తానును గొంతు కలిపి చరణము తప్పక పాడును. అప్పుడు ఇంటివారు, "పాడగలవాడు మాటలాడలేడా? ఇది మొండితనము" అందురు. మఱికొందఱు "మతి పోయినది" అని నిశ్చయించి, అతని యెదుటనే అతనిని గూర్చి మాటలాడుకొందురు. అతడు వినుచునే యుండును, బదులు చెప్పలేడు. మాట పోవుట వేఱు, బుద్ధి పోవుట వేఱు. దీనిని తెలియకపోవుట వలన రోగికి కలుగు బాధ వ్యాధిబాధకంటె తక్కువది కాదు.

పాట నిలిచి మాట పోవుట కొత్త వింత కాదు. 1745లో స్వీడను దేశస్థుడగు ఓలోఫ్ డాలిన్ ఇట్టి మనుష్యుని గూర్చి వ్రాసెను. ఆ మనుష్యుని కుడిప్రక్క పడిపోయి మాట పోయెను. అయినను, జబ్బుపడకముందు నేర్చిన కీర్తనలను ఇతరులు ఎత్తి అందించినచో అతడు స్పష్టముగా పాడుచుండెను. వారముల పేర్లు, ఎక్కములు, బాల్యమున కంఠస్థమైన శతకపద్యములు కూడ కొందఱిలో ఇట్లే నిలిచియుండును. తన భావమును తెలుపుటకై క్రొత్తగా వాక్యము కట్టుటకు ఎడమ మెదడు ముఖ్యాధారము. రాగము, లయ, వాడుకపడిన పలుకులు, వీనియందు కుడిభాగమునకు కూడ పాలు కలదు. ఒక వంతెన కూలినను మఱియొక కాలిబాట మిగిలియుండుట వంటిది ఇది.

ఈ కాలిబాటనే మాటకు త్రోవగా జేయజూచిరి అమెరికా దేశమునందలి బోస్టను వైద్యులు. 1973లో ఆల్బర్టు, స్పార్క్సు, హెల్మ్ అనువారు ఒక పద్ధతిని ప్రకటించిరి. నిత్యము కావలసిన చిన్నమాటను హెచ్చుతగ్గులుగల రెండు స్వరములలో మెల్లగా పలికింతురు. అక్షర మక్షరమునకు రోగి యెడమచేతిని తట్టుచుందురు. మొదట గురువు రోగితో కలిసి పాడును, పిదప నడుమ నాపివేయును, తుదకు రాగమును తగ్గించి మామూలు మాటకు తెచ్చును. 2011లో తుపాకిగుండు తగిలి మాట కోల్పోయిన అమెరికా కాంగ్రెసు సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్సు కూడ పాటతోడి సాధనము చేసిరి.

మన భాషలో "మంచినీళ్ళు" అను మాటను తీసికొందము. ఛందస్సు చదివిన విద్యార్థులు దీనిని గురువు, లఘువు, గురువు, లఘువు అని వెంటనే విభజింపగలరు. గురువులను కొంచెము సాగదీసి పైస్వరమునను, లఘువులను క్రిందిస్వరమునను పలుకుచు, అక్షరమున కొక తట్టు చొప్పున తట్టుడు. "అమ్మ రావె" యనునదియు ఇదే నడకలో సాగును. తరగతిలో గణవిభజన చేయునప్పుడు ఇది యెందులకని విసుగుకొనువారు, ఆ నడక రోగికి ఎట్లు తోడ్పడగలదో తలపోయుదురు గాక. 2011లో జర్మనీ దేశమున 17 మంది రోగులపై జరిగిన పరిశీలనమునందు, రాగముకంటె లయయు, వాడుకపడిన మాటలును ముఖ్యములని తేలినది. గొంతు మధురముగా లేదని ఎవరును వెనుదీయ నక్కఱలేదు.

వినుటవలనను ఫలము కలదు. ఫిన్లాండు రాజధాని హెల్సింకియందు సర్కామో మొదలగువారు జరిపిన పరిశీలన 2008లో వెలువడెను. రోగులను మూడు వర్గములుగా జేసి, ఒక వర్గమువారికి తమకిష్టమైన సంగీతమును, ఒక వర్గమువారికి చదివి వినిపించు పుస్తకములను రెండు నెలలపాటు ప్రతిదినము ఇచ్చిరి. మూడవ వర్గమునకు ఏమియు నీయలేదు. మూడు నెలలనాటికి మాటలను జ్ఞాపకముంచుకొను శక్తి సంగీతము విన్నవారిలో నూటికి 60 వంతులు, పుస్తకములు విన్నవారిలో 18, మూడవవారిలో 29 వంతులు మెఱుగుపడెను. సంగీతము విన్నవారిలో మనోవ్యాకులమును తక్కువగా నుండెను.

ఇక మన పంజాగుట్టకు వత్తము. ఇచ్చటి నిజాం వైద్యవిజ్ఞానసంస్థయందు, అనగా నిమ్స్ ఆసుపత్రియందు, సువర్ణ అల్లాడి మొదలగు వైద్యులు పక్షవాతరోగులు 608 మంది వివరములను పరిశీలించి 2016లో ప్రకటించిరి. రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటలాడువారిలో నూటికి 40.5 మందికి పక్షవాతము పిదప జ్ఞాపకము, ఆలోచన మున్నగు శక్తులు చక్కగా నుండెను. ఒకే భాష తెలిసినవారిలో అట్టివారు 19.6 మంది మాత్రమే. నోరు పడిపోవుట మాత్రము ఇరువర్గములందును ఇంచుమించు సమానముగనే యుండెను. ఒక భాషను ఎన్నుకొని మఱియొకదానిని ఆపుచుండుట మెదడునకు నిత్యవ్యాయామమని పరిశోధకుల యభిప్రాయము. కూడలియందు ఇల్లాలు తెలుగునుండి ఉర్దూలోనికి మాఱుట ఇట్టి వ్యాయామమే.

అయితే సత్యమును అతిశయోక్తి చేయరాదు. హెల్సింకి, పంజాగుట్ట పరిశీలనలు రెండును నాళము మూసికొనిపోయినవారిని గూర్చినవి. రక్తస్రావరోగులకు అంతే ఫలము కలుగునని వానినిబట్టి నిర్ణయింపరాదు. బోస్టను పద్ధతియు అందఱికి పనికిరాదు. చెప్పినది గ్రహించుచు పలుకలేనివారికే అది యెక్కువగా తగును. ఎవరికేది తగునో నిర్ణయించువారు వైద్యులును, మాట నేర్పు శిక్షకులును. మందులు మాని పాటలు వినుమని చెప్పువారిని నమ్మరాదు.

ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. మాటలాడునప్పుడు టెలివిజను కట్టివేయవలెను. ఒకరి తరువాత నొకరు, చిన్న వాక్యములతో పలుకవలెను. రోగి చెవిటివాడు కాడు గనుక కేకలు వేయరాదు. బదులునకై ఓపికతో వేచియుండవలెను, మాటను నోటినుండి లాగుకొని మనమే పూర్తిచేయరాదు. అతనికి తెలిసిన భాషలన్నిటిని వాడవలెను. అతడు ప్రేమించిన పాటలను, పద్యములను ప్రతిదినము కొంతసేపు కలిసి పాడవలెను. ఇంటి పెద్దల రక్తపుపోటును క్రమముగా పరీక్షింపించుట వీనియన్నిటికి ముందుది.

విద్యార్థులారా! ఈ పనికి సంగీతవిద్వాంసులు కానక్కఱలేదు. బడినుండి వచ్చి తాతగారి మంచముకడ కూర్చుండి, ఆయన యెడమచేతిని మీ చేతిలోనికి దీసికొని, ఆయన మీకు నేర్పిన పద్యము మొదటి పాదమును మీరెత్తుడు. రెండవ పాదమునకై నిశ్శబ్దముగా వేచియుండుడు. ఆనాడు రాకపోయినను మఱునాడు మరల నెత్తుడు. తనను తెలివిగల మనుష్యునిగా ఎంచి పిలుచువారు ఇంట నున్నారని ఆయనకు తెలియును. ఆ తెలివిడి లేక యే సాధనమును సాగదు.