హేతువు పరీక్ష: అండమాను ద్వీపాలనుండి ఒక తర్కపాఠం

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన ‘తర్కసంగ్రహం’ న్యాయశాస్త్ర విద్యార్థులకు నేటికీ తొలి వాచకం. ఇతరులకు నచ్చజెప్పే వాదానికి అందులో ఐదు అవయవాలు చెప్పబడినవి. అండమాను సముద్రంలోని బారెన్ ద్వీపంపై వాటిని అన్వయించి చూద్దాం.

ప్రతిజ్ఞ: ఈ కొండపై నిప్పు ఉన్నది.
హేతువు: పొగ ఉన్నది కనుక.
ఉదాహరణం: పొగ ఉన్నచోటనెల్ల నిప్పు ఉండును, వంటయింటిలో వలె.
ఉపనయం: ఈ కొండపైనా అట్టి పొగ ఉన్నది.
నిగమనం: కావున దీనిపై నిప్పు ఉన్నది.

ఈ అగ్నిపర్వతం 1991లో మళ్ళీ బ్రద్దలైనది. కనుక నిప్పు నిజమే. కాని అక్కడ పైకి లేచేది కట్టెల పొగ కాదు; నీటియావిరి, వాయువులు, బూడిద. చెప్పిన హేతువు ఆ కొండపై లేనందున ఇది ‘అసిద్ధం’. ముగింపు నిజమైనంత మాత్రాన వాదం నిలువదు.

బారాటాంగ్ ద్వీపంలోని బురద గుంటలు ఉడుకుతున్నట్లు తోచును. ‘బుడగలు వచ్చుచున్నవి కనుక వేడిగా ఉన్నది’ అనరాదు. వాయువు వెలువడితే చల్లని బురద కూడా బుడగలెత్తును. సాధ్యం లేనిచోట సైతం కనిపించే ఇట్టి హేతువు ‘సవ్యభిచారం’.

మనుష్యుల విషయంలో ఈ దోషం మరింత హానికరం. ‘ఇతడు హిందీ మాట్లాడుచున్నాడు కనుక తెలుగువాడు కాడు’ అనే వాదాన్ని చూడండి. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాలలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. అయినను భిన్న భాషలవారి నడుమ హిందీయే వాడుక. అట్లు హిందీ పలికే ఒక్క తెలుగువాడు చాలు, ఆ వాదం కూలుటకు.

కావున ఒకరిని గూర్చి తీర్పు పలికేముందు హేతువును రెండు ప్రశ్నలు అడగాలి: నీవు ఇక్కడ నిజంగా ఉన్నావా? సాధ్యం లేనిచోట కూడా ఉంటావా?