కాళ్ల కింద తడి, హీటర్‌లో చలి

ప్రశ్న: పాత కారులో అరకు వెళ్లాం. హీటర్ వేస్తే చల్లగాలే వచ్చింది. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిసింది, అద్దం మసకబారుతోంది. నేనే బాగుచేసుకోగలనా?
– ఒక పాఠకుడు, కోటబొమ్మాళి

జవాబు: ఆ తడిని వేళ్లతో రాసి చూడండి. జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తే అది ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంటే. డాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ కారుతున్నట్టు. మామూలు నీళ్లయితే ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుని ఉండొచ్చు, లేదా తలుపు రబ్బరు సందులోంచి వాననీళ్లు దిగి ఉండొచ్చు.

హీటర్‌కు వేరే పొయ్యి లేదు, కూలెంట్ మోసుకొచ్చే ఇంజిన్ వేడే ఆధారం. అందుకే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి. వేడి మీద రేడియేటర్ మూత తీశారో, ఒళ్లు కాలుతుంది. తర్వాత ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఆపి, ఇంజిన్ నుంచి హీటర్ కోర్‌కు వెళ్లే రెండు గొట్టాలనూ గుడ్డతో జాగ్రత్తగా తాకండి. రెండూ వేడిగా ఉంటే గాలిని మళ్లించే రెక్క కేబుల్ ఊడి ఉండొచ్చు. ఒకటే వేడిగా ఉంటే హీటర్ వాల్వు మూసుకుందో, కోర్ పూడుకుందో అన్నమాట.

కార్పెట్ పని మీరే చేయొచ్చు. సీటు బోల్టులు విప్పి, కింది మెత్త కూడా తీసి బాగా ఎండబెట్టండి. మనది ఉప్పుగాలి ప్రాంతం, కింది రేకు తుప్పు పట్టిందేమో చూడండి. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటే మాత్రం ముట్టుకోవద్దు. కోర్ మార్పు మెకానిక్‌కే వదిలేయండి. కూలెంట్ విషం, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.